యాదమ్మత్త పెరుగులో నేను పుట్టించిన పురుగు

ముందు శుభవార్త చెప్పేస్తాను. లేకపోతే బిరడా బిగించిన సోడాసీసాలా పేలిపోయేలా ఉన్నాను. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ పాసయ్యాను. ఫస్ట్ క్లాసు! మా నాయిన వైపు, అమ్మ వైపు ఎన్ని తరాలు తవ్వినా పదో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్ళే దొరుకుతారు తప్ప డిగ్రీ మొహం చూసినవాళ్ళు ఒక్కరూ దొరకరు. అక్కడితో అయిపోలేదు. మౌలాలి అవతల ఒక డెయిరీలో, క్వాలిటీ ల్యాబులో ఉద్యోగం కూడా వచ్చింది. వచ్చే సోమవారం నుంచి నేను జీతం తీసుకుని మరీ పెరుగు పరీక్ష చేస్తాను.

ఈ మాట చెప్పగానే మా లాలాగూడ గల్లీలో సగం మంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం మంది కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆ నవ్వు ఎందుకో మీకు తెలియాలంటే పోయినేడాది నేను వెలగబెట్టిన ఘనకార్యం చెప్పాలి. ఒక్క చుక్క మందు, జానెడు తీగ, చేతిలో సెల్‌ఫోను. ఈ మూడింటితో మూడు రోజుల్లో ఒక పెద్దావిడ జీవితమంతా సంపాదించుకున్న పేరును నట్టేట ముంచాను. రైల్వే ఉద్యోగి కూతుర్ని కదా, పట్టాలు తప్పడం కూడా పద్ధతిగా, బోగీ వెనక బోగీగా తప్పాను. వినండి.

ఆఖరి సంవత్సరంలో మాకు ప్రాజెక్టు ఉంటుంది. నాది పెరుగు తోడు మీద. పాలలో చెంచాడు తోడు వేస్తే పొద్దున్నకల్లా పెరుగు అవుతుంది కదా, ఆ పని చేసేది బ్యాక్టీరియా. ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గుండ్రంగా, పూసలదండలా ఉంటుంది. రెండోది పొడుగ్గా, అగ్గిపుల్లలా ఉంటుంది. ఇద్దరూ కలిసి కాపురం చేస్తేనే పెరుగు. మన పని ఏమిటంటే, ఆ చక్కని కాపురంలో దూరి, ఇద్దరినీ విడదీసి, వేరువేరు పళ్ళాల్లో పెంచి, ఎవరు ఎవరో గుర్తుపట్టడం. విడదీయడం తిండితోనే. ఒక పళ్ళెంలో పులుపు దట్టించిన మేత పెడితే పొడుగువాడు తప్ప మిగతావాళ్ళు మొహం మాడ్చుకుని పస్తుంటారు. ఇంకో పళ్ళెంలో గుండ్రటివాడికి ఇష్టమైనది పెడతాం. పెళ్ళిళ్ళలో మేనత్తల వడ్డన చూసినవాళ్ళకి ఈ సూత్రం కొత్తేమీ కాదు.

తోడు కోసం నేను మొట్టమొదట వెళ్ళింది యాదమ్మత్త దగ్గరికి. ఆమె మాకు చుట్టం కాదు, మూడిళ్ళ అవతల ఉంటుంది. ఊహ తెలిసినప్పటి నుంచి అత్తా అనే పిలుస్తాను. మట్టి గురుగుల్లో పెరుగు తోడేసి అమ్ముతుంది. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు గురిగిని తలకిందులు చేసి చూపిస్తుంది. పెరుగు కదిలితే ఒట్టు! వాళ్ళ అత్తగారు ఇచ్చిన తోడు, ఆమె కాపురానికి వచ్చిననాటి నుంచి ఒక్కరోజు కూడా తెగకుండా నడుస్తోంది. గల్లీలో ఎవరింట్లో పాలు సరిగ్గా తోడుకోకపోయినా గిన్నె పట్టుకుని ఆ గుమ్మానికే వెళ్తారు.

"కాలేజీల పెరుగును ఏం జేస్తరే? తింటరా?" అంది యాదమ్మత్త.

"తినం అత్తా, పెంచుతం."

"పెరుగును పెంచుడేంది? బర్రెనా?"

"పెరుగును కాదు. దాంట్ల చిన్న చిన్న జీవులుంటయి, వాటిని."

"పురుగులా? నా పెరుగుల పురుగులా?"

"మంచియే అత్తా. అవి లేకపోతే పాలు తోడుకోవు."

ఆమె కాసేపు గురిగిలోకి తొంగి చూసింది, ఇన్నేళ్ళూ అద్దె కట్టకుండా ఎవరో తన ఇంట్లో ఉన్నారని తెలిసినట్టు. "సరే, తీస్కపో. కని జెర మంచిగ సూస్కోండ్రి. మా అత్త తోడు అది," అంటూ చిన్న స్టీలు డబ్బాలో పోసి ఇచ్చింది. పరీక్ష చేసేది ఆమె తోడును కాదు, నా బుర్రను అని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఇక రెండో బోగీ. ల్యాబులో బ్యాక్టీరియాను ఒక పళ్ళెంలోంచి తీయడానికి సన్నటి తీగ ఉంటుంది, కొసన చిన్న సున్నాలా వంచి. దాన్ని లూప్ అంటారు. మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చి వాడాలి. ప్రాజెక్టులో ఉన్న మా ముగ్గురు అమ్మాయిలకీ కలిపి ఒకే లూపు ఇచ్చారు. దాని కోసం మేము పడే కొట్లాట గల్లీ నల్లా దగ్గర కూడా ఉండదు. ఆ బాధ ఇంట్లో చెప్పుకుంటుంటే మా నాయిన విన్నాడు.

మా నాయిన దానియేలు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇనుము ఆయనకి చుట్టం. ఇంట్లో కుర్చీ కాలు ఊగినా, తలుపు గొళ్ళెం జారినా చెయ్యి పెట్టకుండా ఉండలేడు. నా చదువులో మాత్రం చెయ్యి పెట్టే అవకాశం ఏనాడూ రాలేదు పాపం. నా పుస్తకాలను దూరం నుంచి చూసి, అట్ట మీద దుమ్ము తుడిచి పెట్టేవాడు, అంతే.

"తీగేనా బిడ్డా? గంతేనా? గీ దానికే పరేషాన్ అయితున్నవా?" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"నిక్రోమ్ అనే తుప్పు పట్టని తీగ కావాలట నాయినా."

"ఏ నిక్రోమ్? వెంట్రుక తీరుగ ఉంటది, రెండొద్దులకే వంకరవోతది. నేను చేస్తా సూడు. నీ మనవరాలు సుత దాంతోనే చదువుకోవాలె."

బుధవారం సాయంత్రం వరండాలో ఇనుమును పట్టి ఉంచే వైసు బిగించి కూర్చున్నాడు. హార్డువేర్ షాపులో కొన్న ఇనుప తీగ, పాత తలుపు గడియలోంచి తీసిన ఇత్తడి పిడి. తీగ కొసన సున్నా ఎంత గుండ్రంగా వచ్చిందంటే, చంద్రుడు చూస్తే సిగ్గుపడి అమావాస్య ముందుకు జరుపుకుంటాడు. పిడి మీద అక్షరాలు కూడా గుద్దాడు: బి. ప్రసన్న, బీఎస్సీ. అప్పటికి నా డిగ్రీ ఇంకా ఆరు నెలల దూరంలో ఉంది. "అది వస్తది తియ్యి," అన్నాడు నాయిన, రైలు టైం చెప్పినంత ధీమాగా.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త లూపు చేతికొచ్చినవాళ్ళు పొద్దే కాదు, బుద్ధి కూడా ఎరగరు. గురువారం మిగతా ఇద్దరు అమ్మాయిల కళ్ళ ముందు ఆ లూపును మూడుసార్లు ఎక్కువ కాల్చాను, అందరూ చూడాలని.

మొదటి పరీక్ష యాదమ్మత్త తోడుకే. సోమవారమే ల్యాబు లూపుతో గీసిపెట్టిన పళ్ళెంలో చిన్న చిన్న తెల్లటి చుక్కలు మొలిచి ఉన్నాయి. రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. గుండ్రటివాళ్ళే. కానీ పూసలదండల్లా లేరు, గుంపులు గుంపులుగా ఉన్నారు. (నేను గాజుపలక మీద రొట్టెల పిండి పిసికినట్టు రుద్దితే దండలు తెగి పూసలు చెల్లాచెదురయ్యాయని తర్వాత తెలిసింది. ఇప్పుడే చెప్పేస్తే నా మీద మీకున్న కాస్త గౌరవం కూడా పోతుంది, అయినా చెప్పేశాను.)

ఇక ఆఖరి పరీక్ష. హైడ్రోజన్ పెరాక్సైడ్ అని, పుండ్లు కడగడానికి మందుల షాపుల్లో అమ్ముతారు. ఆ మందు ఒక చుక్క వేసి, అందులో మన బ్యాక్టీరియాను తీగతో కలపాలి. పెరుగు బ్యాక్టీరియా అయితే ఏమీ జరగదు. నురుగు పొంగిందంటే వేరే ఎవడో దూరాడని అర్థం. గుంపులుగా ఉండే గుండ్రటివాడు నురుగు కూడా పొంగించాడంటే, వాడు గడ్డల్లో, చీము పుండ్లలో ఉండే రకం కావచ్చు.

నా సరికొత్త లూపుతో తీసి, చుక్కలో పెట్టాను.

బుసబుసమని పొంగింది!

ఇల్లు అలకగానే పండుగ కాదని పెద్దలు చెప్పారు. బుడగ రాగానే బ్యాక్టీరియా కాదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, ఆ క్లాసులో నేను కిటికీ వైపు కూర్చుని ఉంటాను. ఇంకో తోడును పరీక్షించి చూడాలన్న ఆలోచన రాలేదు. మా గైడు పద్మజ మేడంను అడగాలన్న ఆలోచన రాలేదు. వచ్చింది ఒకటే: గల్లీని కాపాడాలి. ల్యాబు బయటికి ఉరికి మా అమ్మకి ఫోన్ కొట్టాను.

"అమ్మా! ఇయ్యాల్టి సంది యాదమ్మత్త పెరుగు తేకు!"

"ఎందుకే? ఏమైంది?"

"దాంట్ల చీముగడ్డలల్ల ఉండే క్రిమి ఉన్నది. నా కండ్లతోని చూసిన. ఎవలకు చెప్పకు!"

అమ్మ బదులు ఇంకో గొంతు మాట్లాడింది. "అవ్వ! గడ్డల పురుగా?"

ఆ గొంతు పక్కింటి సుగుణక్కది. అమ్మ మిషన్ మీద జాకెట్టు కుడుతూ ఫోను స్పీకర్లో పెట్టింది. కొలతలు ఇవ్వడానికి సుగుణక్క వచ్చి ఉంది. మా గల్లీలో వార్త చేరవేయాలంటే పేపర్లు, టీవీలు అక్కర్లేదు, సుగుణక్క కొలతలు ఇవ్వడానికి బయల్దేరితే చాలు.

నేను బస్సు దిగి గల్లీలోకి వచ్చేసరికి నా క్రిమి నాకంటే ముందే ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, పెరిగి పెద్దదైంది. మొదటి మలుపులో విన్నది: యాదమ్మ పెరుగు తింటే గడ్డలు లేస్తాయట. రెండో మలుపులో: పోయిన ఎండాకాలం సుగుణక్క కొడుకు మెడ మీద లేచిన గడ్డ అదేనట. మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి: యాదమ్మ చేతికే గడ్డ ఉందట, ఆ చేత్తోనే తోడేస్తుందట, కాలేజీవాళ్ళు మిషను పెట్టి పట్టుకున్నారట. ల్యాబులో బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి అరగంట పైనే పడుతుంది. మా గల్లీలో రెండు నిమిషాలు చాలు.

ఇప్పుడు అసలు దెబ్బ. ఆ ఆదివారం మా గల్లీ చివర చర్చిలో కోతపండుగ. ఆరాధన అయ్యాక అందరికీ ప్రేమవిందు. మేం చర్చికి పోయేవాళ్ళం, యాదమ్మత్త గుడికి పోయే మనిషి. అయినా ప్రేమవిందులో పెరుగు ఎప్పుడూ ఆమెదే. కుండలు తనే తెచ్చి, తనే నిలబడి వడ్డిస్తుంది. శుక్రవారం సాయంత్రం పాస్టరుగారి భార్య, మా పాస్టరమ్మ, ఆమెకి కబురు పంపింది, ఈసారి పెరుగు వద్దని.

మర్నాడు కాలేజీకి బయల్దేరుతుంటే అమ్మ మా ఇంటి పెరుగు డబ్బాలో పోసి చేతికిచ్చింది. "మనది సుత చూడు. మనది మంచిగనే ఉంటదనుకో, కాయితం మీద రాయించుకరా," అంది. యాదమ్మత్త సింహాసనం ఖాళీ అయిందని ఆమె లెక్క.

మా ఇంటి పెరుగులోంచి పెంచడానికి రెండు రోజులు పడుతుంది. అంత ఓపిక నాకుంటే ఈ కథే ఉండేది కాదు. పెరుగులోనే లూపు ముంచి, చుక్కలో పెట్టాను. బుసబుస! మా అమ్మ పెరుగులో కూడా! కాలేజీవాళ్ళు కంపెనీ నుంచి తెప్పించిన అసలు సిసలు తోడు, సీలు వేసి వచ్చింది, దాని పళ్ళెంలోంచి తీశాను. బుసబుస!

పద్మజ మేడం గదిలోకి దూసుకెళ్ళాను. "మేడం! ఘోరం జరిగిపోయింది. సికింద్రాబాద్ మొత్తం పెరుగు పాడైపోయింది!"

మేడం పేపర్లు దిద్దుతున్నారు. తల ఎత్తలేదు. "మొత్తమా? మాది సైనిక్‌పురి. అక్కడ కూడానా?"

"అక్కడ చూడలేదు మేడం. కానీ మూడింటిలో మూడూ పొంగాయి. కంపెనీ తోడు కూడా!"

ఇప్పుడు తల ఎత్తారు. "కంపెనీ తోడు పొంగిందా? పద, చూపించు."

చూపించాను. పొంగింది. మేడం బుడగల వైపు చూడలేదు. నా లూపు వైపు చూశారు.

"ఇది ఎక్కడిది?"

"మా నాయిన చేశారు మేడం."

"చాలా బాగా చేశారు. ఇప్పుడు దాన్ని బాగా కాల్చి, చల్లార్చి, దేన్నీ తాకకుండా ఒట్టి చుక్కలో పెట్టు."

"ఒట్టి చుక్కలోనా? అందులో ఏమీ లేదు కదా మేడం!"

"అందుకే పెట్టమంటున్నా."

పెట్టాను. లూపు మీద బ్యాక్టీరియా లేదు, పెరుగు లేదు, పాలవాడి నీడ కూడా లేదు. అయినా బుసబుసమని పొంగింది.

మేడం తన డ్రాయరులోంచి పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి తీశారు. యాదమ్మత్త తోడు పళ్ళెంలోంచి దానితో ఒక చుక్క తీసి, మందులో కలిపారు. చూశాం. చూస్తూనే ఉన్నాం. చెరువులో నీళ్ళంత నిమ్మళంగా ఉంది. తర్వాత కొత్త గాజుపలక మీద మెల్లగా పలచగా పరిచి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఎంత అందమైన దండలు! పెళ్ళికూతురి మెడలో కూడా అంత వరుసగా ఉండవు.

"ఇనుము తగిలినా ఆ మందు పొంగుతుందమ్మా. ఇంత మంచి తోడు నేను ఈ ఏడాదిలో చూడలేదు. ఎవరిది?"

మా గల్లీ యాదమ్మత్తదని గొణిగాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా. నా విషయంలో మద్దెల నిజంగానే ఓడు. అయినా వాయించింది నేనే.

"ఎవరికైనా చెప్పావా?" అన్నారు మేడం.

"ఒక్కరికే మేడం."

"హమ్మయ్య."

"స్పీకర్లో."

మధ్యాహ్నం యాదమ్మత్త ఇంటికి వెళ్ళాను. గురుగులన్నీ కడిగి గోడ వారగా బోర్లించి ఉన్నాయి. ఆమె గడపలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఒక చిన్న గిన్నె. రోజూ నన్ను చూడగానే ఏదో ఒకటి అనే మనిషి, ఆ రోజు గిన్నె మీద మూత సర్ది పెట్టుకుంది.

"అత్తా, నేను తప్పు చేసిన."

"ఏ తప్పు? శానా ఉన్నయి గద, ఏదో చెప్పు."

చెప్పాను. లూపు, ఇనుము, నురుగు, దండలు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను కాబట్టి సగం ఆమెకి అర్థమై ఉండదు. విని, గిన్నె మీద మూత తీసింది.

"మా అత్త తోడిది. నిన్న పొద్దుగూకంగ పారబోద్దామని మోరీ దాంక తెచ్చిన. అందరు ఒకటే మాట అనవట్టిరి. నాకే అనుమానం వచ్చింది, నిజంగ ఏమన్న ఉన్నదేమో అని. కని చెయ్యి రాలే."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. ఒక్క అర నిమిషం ఆమె చెయ్యి వచ్చి ఉంటే ఆ తోడు మోరీ మురుగులో కలిసిపోయేది. ఏ ల్యాబులో, ఏ పళ్ళెంలో ఏ మేత వేసినా మళ్ళీ మొలిచేది కాదు.

"మాఫ్ చెయ్యి అత్తా. నీ పెరుగు మస్తు మంచిదని మా మేడం చెప్పింది."

"నాకు చెప్తవేందే? నా పెరుగు సంగతి నాకు తెల్వదా? ఎవలకు తెల్వదో వాళ్ళకు చెప్పు. గల్లీ గల్లీ తిరిగి చెడ్డగ చెప్పింది నువ్వేనాయె, మంచిగ సుత నువ్వే చెప్పు."

అక్కడి నుంచి ఒకటే ఉరుకు, పాస్టరమ్మ ఇంటికి. అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దుగూకే లోపల పాలు తోడేయకపోతే రేపటికి పెరుగు లేదు.

పాస్టరమ్మ అంతా విని, "నేను నమ్ముత బిడ్డా. కని జనం? పళ్ళెం ముందటికి కుండ వస్తే చెయ్యి అడ్డం పెడితే ఆమె మొహం ఏం గావాలె? మళ్ళొకపారి అవమానం చేసినట్టే గద," అంది.

"నేను అందరికి చెప్త పాస్టరమ్మా."

"ఎప్పుడు చెప్తవ్?"

"రేపు ఆరాధనల. సాక్ష్యాలు చెప్పేటప్పుడు."

మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జబ్బు నయమైనవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు లేచి మైకులో చెప్పి కృతజ్ఞత చెల్లిస్తారు. బ్యాక్టీరియా తరఫున సాక్ష్యం చెప్పినవాళ్ళు అంతవరకూ లేరు.

"సరే, యాదమ్మను తోడెయ్యమను," అంది పాస్టరమ్మ. "కని ఒక్క ముచ్చట. ఎవలు తినకపోతే ఆ కుండలన్ని నువ్వే ఖతం చెయ్యాలె."

ఇంకో మనిషికి కూడా చెప్పాలి. నాయిన వరండాలో సైకిల్ చెయిన్‌కి నూనె వేస్తున్నాడు. విని, నూనె డబ్బా కింద పెట్టాడు.

"అంటే బిడ్డా, తప్పు నాదా?"

"కాదు నాయినా. ఒట్టి తీగను ముంచి చూడాలె ముందుగాల. నేను చూడలే."

"నిక్రోమ్ అని నువ్వు చెప్పినవ్. నేనే వద్దన్న." నూనె డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మందునే పొంగించిందంటే తీగ మాత్రం మంచి తీగ," అన్నాడు. ఇనుము మీద ఈగ వాలనివ్వడు.

ఆదివారం. చర్చి కిటికీలకు మామిడాకులు, జొన్నకంకులు కట్టారు. సాక్ష్యాల సమయంలో మైకు నా చేతికొచ్చింది. సాక్ష్యంలో నాయిన పేరు ఎత్తకూడదని రాత్రే నిర్ణయించుకున్నాను. "ఒక ఇనుప తీగ వల్ల" అంటే చాలనుకున్నాను.

మొదలుపెట్టాను. కేవలం క్షమించమని చెప్పి కూర్చుంటే సరిపోయేది. కానీ మైకు, ముందు అంతమంది జనం, నేనేమో కాబోయే బీఎస్సీ. పులుపు మేత దగ్గర మొదలుపెట్టి, పూసలదండల మీదుగా, పెరాక్సైడ్ దాకా లాగాను. ముందు వరుసలో ఒక తాతయ్య నిద్రపోయి, లేచి, "ఆమెన్" అని మళ్ళీ నిద్రపోయాడు. చివరికి, "యాదమ్మత్త పెరుగుల ఏ పురుగు లేదు. తప్పంత ఒక ఇనుప తీగది, దాన్ని నమ్మిన నాది," అన్నాను.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఒక చెయ్యి లేచింది.

"ఆ తీగ నేనే చేసిన!" అన్నాడు మా నాయిన, లేచి నిలబడి. నా బిడ్డ ఒక్కతే ఎందుకు మోయాలని ఆయన ఉద్దేశం. గొంతులో పశ్చాత్తాపం ఉంది. పనితనం మీద గర్వం కూడా ఉంది, దాచుకోలేకపోయాడు.

ప్రేమవిందు మొదలైంది. యాదమ్మత్త కుండల వెనక నిలబడింది. పైన మీగడ పసుపుపచ్చగా మెరుస్తోంది. వరుసలో మొదట సుగుణక్క. యాదమ్మత్త పెద్ద ఇనుప గరిటె ముంచి ఎత్తింది. సుగుణక్క పళ్ళెం ముందుకు చాపి, చాపినంత వేగంగా వెనక్కి లాక్కుంది.

నేను వరుస పక్క నుంచి ముందుకు వచ్చాను.

"పెరుగు గురించి గాదు యాదమ్మా," అంది సుగుణక్క. "పెరుగు మంచిదని పిల్ల చెప్పింది గద. కని ఆ గరిటె ఎవలు చేసిన్రు?"

నీళ్ళ జగ్గు పట్టుకుని తిరుగుతున్న నాయిన ఆగి, మొహం చేటంత చేసుకుని, "నేనే! పోయినేడు చర్చికి కానుకగ ఇచ్చిన," అన్నాడు.

వరుస మొత్తం ఒకడుగు వెనక్కి వేసింది.

"సుగుణక్కా, పురుగు కాదు! నురుగు! మందు తాకితేనే పొంగుతది, పెరుగుకు ఏం కాదు!" అని అరిచాను.

"పొద్దుగాల నువ్వే మైకుల చెప్పినవ్ గదే, తప్పంత ఇనుముదే అని. మళ్ళ మాట మారుస్తున్నవేంది?"

నాయిన జగ్గు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మొహంలో వెలుగు తగ్గుతూ వచ్చింది, స్టేషనులో లైట్లు ఒక్కొక్కటే ఆర్పినట్టు. ఒకరిని గట్టెక్కించబోయి ఇంకొకరిని ముంచాను. ముంచడంలో మాత్రం నాకు ఏ డిగ్రీ అవసరం లేదు.

అప్పుడు యాదమ్మత్త కదిలింది. గరిటె నిండా పెరుగు తీసి, తన అరచేతిలో పోసుకుని, అందరూ చూస్తుండగా జుర్రుకుంది. మూతి తుడుచుకుంది. నాయిన చేతిలో జగ్గు పక్కన పెట్టించి, ఒక పళ్ళెం ఇచ్చి, అదే గరిటెతో నిండుగా వేసింది.

"తిను దానియేలన్నా. గరిటె మంచిగున్నది, పెరుగు మంచిగున్నది, నీ చెయ్యి మంచిగున్నది." నా వైపు తిరిగింది. "నీ బిడ్డ నోరొక్కటే. దేన్ని తాకకున్నా పొంగుతది!"

చర్చి ఆవరణ అంతా ఒక్కసారి నవ్వు. నాయిన నవ్వాడు, పాస్టరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది, సుగుణక్క నవ్వుతూ నవ్వుతూ పళ్ళెం చాపింది. ఆమె వెనక మిగతావాళ్ళూ చాపారు. కుండలు తుడిచి పెట్టినట్టు ఖాళీ అయ్యాయి. ఇద్దరు ముగ్గురు రెండోసారి కూడా వచ్చారు. నా వంతుకు కుండ అడుగున గోకితే వచ్చిన రెండు చెంచాలు మిగిలాయి. కమ్మగా, వెన్నలా ఉంది. సిగ్గుతో పాటు మింగాను.

కనుక, దేవుని ఎదుటా, పద్మజ మేడం ఎదుటా, పూసలదండల్లాంటి సమస్త గుండ్రటి జీవుల ఎదుటా, అగ్గిపుల్లల్లాంటి వాటి బంధువుల ఎదుటా, నేను, బి. ప్రసన్న, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒట్టి తీగను ఒట్టి చుక్కలో ముంచి చూడనిదే ఏ ఇంటి పెరుగు మీదా తీర్పు చెప్పను. చెప్పాల్సి వచ్చినా ముందు అవతలివాళ్ళ చేత స్పీకరు ఆపించనిదే ఫోనులో మాట్లాడను. మైకు ఇస్తే రెండు వాక్యాల్లో ముగిస్తాను.

రెండు కష్టం. నాలుగు.